కన్ఫైన్‌మెంట్ (రింగుల బిగింపు) ఇస్తే కాలమ్ గట్టిపడాలి కదా, నా మోడల్లో మెత్తబడుతోంది. ఎందుకు?

బెజవాడ_డిజైనర్:

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక్క కాలమ్ దగ్గరే ఆగిపోయాను. ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

మాది విజయవాడలో చిన్న కన్సల్టెన్సీ. 2009లో కట్టిన ఒక అపార్ట్‌మెంట్ మా దగ్గరికి వచ్చింది. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు. ఇంకో అంతస్తు వేసుకోవచ్చా అని ఫ్లాట్ల వాళ్లు అడుగుతున్నారు. స్టిల్ట్‌లో గోడలు లేవు, భారమంతా కాలమ్‌ల మీదే. మామూలు డిజైన్ చెక్ చేసి సంతకం పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఓపెన్‌సీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పుష్ఓవర్ (కట్టడాన్ని కొద్దికొద్దిగా పక్కకి తోస్తూ ఎక్కడ దెబ్బతింటుందో చూసే లెక్క) చేద్దామని కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకున్నదే, పక్కన చెప్పేవాళ్లు లేరు.

మొత్తం ఫ్రేమ్ పెట్టేముందు ఒక్క స్టిల్ట్ కాలమ్‌ని 3 మీటర్ల కాంటిలీవర్‌గా (పాదం దగ్గర బిగించి, పైన వదిలేసి) తీసుకుని చూస్తున్నాను. డ్రాయింగ్ ప్రకారం వివరాలు ఇవి: కాలమ్ 450 x 450. ఎం30 కాంక్రీటు, ఎఫ్ఈ 500డి స్టీలు (యీల్డ్ స్ట్రెస్ 500 మెగాపాస్కల్). 20 ఎం.ఎం. రాడ్లు 12, అంటే ముఖానికి నాలుగు. 10 ఎం.ఎం. రింగులు 100 ఎం.ఎం.కి ఒకటి, బయటి రింగుతో పాటు రెండు వైపులా రెండేసి లింకులు. అంటే ఎటు చూసినా నాలుగు కాళ్లు. రింగు బయటికి 40 ఎం.ఎం. కవర్. యాక్సియల్ లోడు 900 కిలోన్యూటన్లు.

క్యూబ్ స్ట్రెంత్ 30ని 0.8తో గుణించి సిలిండర్‌కి 24 మెగాపాస్కల్ తీసుకున్నాను. రింగుల బిగింపుతో కాంక్రీటు ఎంత మారుతుందో చెప్పే మాండర్ పద్ధతిలో చేత్తో లెక్క వేస్తే కన్ఫైన్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్ (బిగింపులో నిజంగా పనిచేసే వంతు) 0.69 వచ్చింది. పక్కనుంచి పడే ఒత్తిడి 3 మెగాపాస్కల్. దాంతో కోర్ (రింగు లోపలి) కాంక్రీటు స్ట్రెంత్ 24 నుంచి 40.3కి పెరిగింది. పీక్ దగ్గర స్ట్రెయిన్ 0.002 నుంచి 0.0088కి పోయింది. అల్టిమేట్ స్ట్రెయిన్ 0.0192. రింగు స్టీలు తెగేముందు స్ట్రెయిన్‌ని 5 శాతంగా పట్టుకున్నాను.

ఈ అంకెలు కోర్‌కి ఓపెన్‌సీస్‌లోని కాంక్రీట్01 అనే మెటీరియల్‌లో ఇచ్చాను. కవర్‌కి వేరే కాంక్రీట్01, అన్‌కన్ఫైన్డ్, అంటే బిగింపు లేనిది. రాడ్లకి స్టీల్02. ఫోర్స్ బీమ్ కాలమ్ ఎలిమెంట్ ఒకటే, ఐదు ఇంటిగ్రేషన్ పాయింట్లు (కాలమ్ పొడవునా సెక్షన్‌ని లెక్కించే చోట్లు).

ఇప్పుడు నా ఇబ్బంది. మొత్తం సెక్షన్‌కి అన్‌కన్ఫైన్డ్ ఇచ్చినప్పటి కంటే, కోర్‌కి కన్ఫైన్డ్ ఇచ్చినప్పుడు మొదటి స్టిఫ్‌నెస్ ఐదో వంతు తగ్గిపోయింది! కాంక్రీటు గట్టిపడితే కాలమ్ ఎలా మెత్తబడుతుంది? రెండోది, కోర్ స్ట్రెంత్ 68 శాతం పెరిగినా మొమెంట్ కెపాసిటీ 398 నుంచి 412 కిలోన్యూటన్ మీటర్లకే పెరిగింది. మూడోది, ఇంటిగ్రేషన్ పాయింట్లు ఐదు నుంచి ఏడు చేస్తే, కోర్ అల్టిమేట్ స్ట్రెయిన్‌కి చేరేటప్పటి డిస్‌ప్లేస్‌మెంట్ దాదాపు సగమైంది. కాలమ్ అదే, రాడ్లు అవే. ఏ జవాబు నమ్మాలో తెలియడం లేదు.

సైన్ కన్వెన్షన్ నాలుగుసార్లు చూసుకున్నాను. కంప్రెషన్ మైనస్‌లోనే ఉంది.


ఎంటెక్_వరంగల్:

అక్కా, చిన్న డౌట్. ఎం30 అన్నప్పుడు 30 ఇవ్వకుండా 24 ఎందుకు? మా క్లాసులో 30 అనే ఇచ్చాం.


బెజవాడ_డిజైనర్:

మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో ఎం30 అంటే 150 ఎం.ఎం. క్యూబ్ స్ట్రెంత్ తమ్ముడూ. మాండర్ మోడల్, కెంట్ పార్క్ మోడల్ రెండూ సిలిండర్ స్ట్రెంత్ మీద కట్టినవి. క్యూబ్‌ని అలాగే పెడితే కాంక్రీటు స్ట్రెంత్ 25 శాతం ఎక్కువ ఇచ్చినట్టే.


క్రైస్ట్‌చర్చ్_తెలుగోడు:

చాలా మంచి ప్రశ్నండి. అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి కూర్చుని సరిచూశాను. మీ మాండర్ లెక్కలో తప్పు లేదు. నాకూ 0.69, 40.3, 0.0088 అవే వచ్చాయి. తేడా ఆ అంకెల్ని కాంక్రీట్01 చేతిలో పెట్టిన చోట వచ్చింది.

కాంక్రీట్01కి మీరు యంగ్స్ మాడ్యులస్ ఇవ్వరు. గమనించారా? పీక్ స్ట్రెస్, పీక్ స్ట్రెయిన్ ఇస్తారు, అది వాటి మధ్య ఒక పారాబోలా గీసుకుంటుంది. ఆ పారాబోలా మొదటి వాలు ఎప్పుడూ రెండింతల పీక్ స్ట్రెస్‌ని పీక్ స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చేదే. కవర్‌కి చూడండి: 48ని 0.002తో భాగిస్తే 24,000 మెగాపాస్కల్. బాగుంది. అదే కోర్‌కి: 80.6ని 0.0088తో భాగిస్తే సుమారు 9,160. అంటే సెక్షన్‌లో 64 శాతం ఏరియా ఉన్న కోర్‌కి, మీకు తెలియకుండానే, మూడో వంతుకు కాస్త పైన స్టిఫ్‌నెస్ ఇచ్చారు. రాడ్లు కలుపుకుని సెక్షన్ ఈఐ (వంపుకి స్టిఫ్‌నెస్) లెక్క వేశాను, అన్‌కన్ఫైన్డ్‌తో పోలిస్తే 21 శాతం తక్కువ వస్తోంది. మీరు చూసిన ఐదో వంతు అదే.

నిజం కాంక్రీటు అలా ఉండదు. లోడు తక్కువగా ఉన్నప్పుడు రింగుకి పనే లేదు. కాంక్రీటు నలిగి లోపల సన్న పగుళ్లు పుట్టి పక్కకి ఉబ్బడం మొదలయ్యాకే రింగు బిగుసుకుంటుంది. అప్పటిదాకా కోర్, కవర్ ఒకే కాంక్రీటు, ఒకే మాడ్యులస్. రెండు కర్వ్‌లూ ఒకే వాలుతో బయల్దేరి తర్వాత విడిపోవాలి.

మాండర్ గారి కర్వ్ అలాగే ఉంటుంది. 1988లో మాండర్, ప్రీస్ట్లీ, పార్క్ కలిసి ప్రచురించిన మోడల్‌లో వాడింది పోపోవిక్స్ ఆకారం. అందులో మాడ్యులస్‌ని విడిగా ఇస్తాం. కాంక్రీట్01 వెనక ఉన్నది కెంట్, స్కాట్, పార్క్ ఆకారం. ఆ కుటుంబంలో కన్ఫైన్‌మెంట్ వల్ల స్ట్రెస్ ఎన్ని రెట్లు పెరిగితే పీక్ స్ట్రెయిన్ కూడా అన్నే రెట్లు పెరుగుతుంది. అందుకని మొదటి వాలు చెదరదు. మాండర్‌లో మీకు స్ట్రెస్ 1.68 రెట్లయింది, స్ట్రెయిన్ 4.4 రెట్లయింది. ఒక మోడల్ అంకెల్ని ఇంకో మోడల్ ఆకారంలో పోశారు. కాంక్రీట్02 పెట్టినా ఇదే జరుగుతుంది, దాని కంప్రెషన్ వైపు కూడా అదే పారాబోలా.

రెండు దారులు ఉన్నాయి. మాండరే కావాలంటే కాంక్రీట్04 వాడండి. అది పోపోవిక్స్, మాడ్యులస్ మీరే ఇస్తారు. 24 మెగాపాస్కల్‌కి 5000 ఇంటూ రూట్ వేస్తే 24,500 దగ్గర వస్తుంది, కోర్‌కీ కవర్‌కీ అదే ఇవ్వండి. ఒక జాగ్రత్త: అల్టిమేట్ స్ట్రెయిన్ దాటగానే ఆ ఫైబర్ (లెక్క కోసం సెక్షన్‌ని విడగొట్టిన చిన్న ముక్క) స్ట్రెస్ ఒక్కసారిగా సున్నాకి పడుతుంది. అక్కడ కన్వర్జెన్స్ మొరాయిస్తే స్టెప్ చిన్నది చేయండి.

లేదా కాంక్రీట్01నే ఉంచుకుని, 1982 నాటి మాడిఫైడ్ కెంట్ పార్క్ అంకెలు ఇవ్వండి. మీ రింగులకి నేను వేసిన లెక్క: పీక్ 32 మెగాపాస్కల్, స్ట్రెయిన్ 0.0027, అక్కడి నుంచి 0.043 స్ట్రెయిన్ దాకా మెల్లగా దిగి 20 శాతం దగ్గర ఆగుతుంది. మొదటి వాలు మళ్లీ 24,000. పీక్ మాండర్ కంటే తక్కువే, కానీ పుష్ఓవర్‌లో తేడా పెద్దగా కనిపించదు. ఎందుకో మీ రెండో ప్రశ్నలో ఉంది.

మొమెంట్ అంతే పెరగాలి. 900 కిలోన్యూటన్లంటే మీ సెక్షన్ క్రషింగ్ కెపాసిటీలో 18, 19 శాతం. ఈ లోడు దగ్గర మొమెంట్‌ని నడిపేది స్టీలు. పైగా కోర్ 40 మెగాపాస్కల్‌కి చేరేసరికి కవర్ రాలిపోయి ఉంటుంది, లీవర్ ఆర్మ్ తగ్గుతుంది. ఒకచోట వచ్చింది ఇంకోచోట పోతుంది. ఒట్టి యాక్సియల్ లోడుకి వేసి చూడండి: కవర్ ఏరియా 72,900 చదరపు ఎం.ఎం., దాని మీద 24 అంటే 1,750 కిలోన్యూటన్లు పోతాయి. కోర్‌లో పెరిగిన 16.3 మెగాపాస్కల్ వల్ల 2,050 దాకా వస్తాయి. దాదాపు సరికి సరి. ఇది కాకతాళీయం కాదండి. భూకంపాల కోసం ఉన్న కోడ్ ఐఎస్ 13920లో రింగు స్టీలు సూత్రంలో గ్రాస్ ఏరియాని కోర్ ఏరియాతో భాగించి ఒకటి తీసేస్తాం, గుర్తుందా? కవర్ ఊడినా కాలమ్ మోయగలిగే బరువు తగ్గకూడదన్న ఆలోచనే ఆ సూత్రానికి పుట్టుక. కన్ఫైన్‌మెంట్ వల్ల మనకి దక్కేది బలం కంటే ఓర్పు. కర్వ్ ఎత్తు చూడకండి, ఎంత దూరం పడిపోకుండా సాగిందో చూడండి.

మూడోది రాత్రికి రాస్తాను, సైట్‌కి టైమ్ అయింది.


మాదాపూర్_మోడలర్:

ఈట్యాబ్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం ఒక మాట. అందులో ఆటో హింజ్ (కాలమ్ వంగిపోయే చోటు) పెడితే అమెరికా ఏఎస్‌సీఈ 41 ప్రమాణంలోని టేబుల్స్ నుంచి రొటేషన్లు తీసుకుంటుంది. ఆ టేబుల్స్‌లో రింగు స్టీలు శాతం ఇప్పటికే ఒక ఇన్‌పుట్. దాని మీద మళ్లీ కాంక్రీటు స్ట్రెంత్‌ని చేత్తో 40కి పెంచితే ఒకే కన్ఫైన్‌మెంట్‌ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. మా ఆఫీసుకి రివ్యూకి వచ్చిన ఒక మోడల్లో ఇది చూశాను. ఫైబర్ హింజ్ వాడితేనే కోర్‌కి వేరే కర్వ్ కావాలి. నేనైతే చేత్తో లెక్కవేసిన కర్వ్‌నే యూజర్ డిఫైన్డ్‌గా పాయింట్లు పాయింట్లుగా ఇస్తాను. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసి ఉంటుంది.


క్రైస్ట్‌చర్చ్_తెలుగోడు:

మూడో ప్రశ్న. ఇది సాఫ్ట్‌వేర్ బగ్ కాదు, ఫైబర్ మోడళ్లన్నిటికీ ఉన్న గుణం.

ఫోర్స్ ఎలిమెంట్‌లో ఇంటిగ్రేషన్ పాయింట్లు గాస్ లొబాటో పద్ధతిలో ఉంటాయి. మొదటి పాయింటు సరిగ్గా కాలమ్ పాదం దగ్గర కూర్చుంటుంది. సెక్షన్ మెత్తబడటం మొదలయ్యాక డ్యామేజీ అంతా ఆ ఒక్క పాయింట్‌లోనే పోగవుతుంది, మిగతావి అన్‌లోడ్ అవుతాయి. కాబట్టి ఆ పాయింటు ఎంత పొడవుకి ప్రతినిధో అదే మీ ప్లాస్టిక్ హింజ్ (స్టీలు యీల్డ్ అయి కాలమ్ వంగిపోయే భాగం) పొడవు. మీరు ఎంచుకున్నా ఎంచుకోకపోయినా అంతే.

ఆ పొడవు ఎంతంటే, పాయింట్ల సంఖ్యని దానికంటే ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి, ఆ లబ్ధంతో ఎలిమెంట్ పొడవుని భాగించాలి. మూడు పాయింట్లకి 3000 బై 6, 500 ఎం.ఎం. ఐదింటికి 3000 బై 20, 150 ఎం.ఎం. ఏడింటికి 3000 బై 42, 71 ఎం.ఎం. మీ డిస్‌ప్లేస్‌మెంట్ సగానికి పడిపోయింది కదా, 150కి 71 సగమే.

మరి అసలు హింజ్ ఎంత? పౌలే, ప్రీస్ట్లీ సూత్రం: పొడవులో 0.08 వంతు, దానికి 0.022 ఇంటూ రాడ్ డయా ఇంటూ యీల్డ్ స్ట్రెస్ కలపాలి. మీకు 240 ప్లస్ 220, అంటే 460 ఎం.ఎం. కాలమ్ వెడల్పుకి దగ్గరగా వచ్చింది, నమ్మదగ్గ అంకె.

చేయాల్సింది: ఓపెన్‌సీస్‌లోని హింజ్ రాడౌ ఇంటిగ్రేషన్ తీసుకుని పాదం దగ్గర హింజ్ పొడవు 460 అని ఇచ్చేయండి. 2006లో స్కాట్, ఫెన్వెస్ ఈ చిక్కు కోసమే దాన్ని రూపొందించారు. ఐదు పాయింట్లే ఉంచాలనుకుంటే పీక్ తర్వాతి స్ట్రెయిన్‌ని సాగదీయాలి. మీ కర్వ్‌లో పీక్ నుంచి చివరిదాకా 0.0104 ఉంది. దాన్ని 460 బై 150తో గుణిస్తే 0.032. పీక్ స్ట్రెయిన్‌కి అది కలిపితే అల్టిమేట్ 0.041 అవుతుంది. ఆ అంకె చూసి కంగారుపడకండి, అది కాంక్రీటు గుణం కాదు, ఆ 150 ఎం.ఎం. పాయింటు కోసం చేసిన సర్దుబాటు. నాకు మొదటి పద్ధతే ఇష్టం, రిపోర్టులో చదివేవాళ్లకి వివరించడం తేలిక.

ఇంకో రెండు మాటలు. స్టీల్02కి బక్లింగ్ (నొక్కుడుకి రాడ్ పక్కకి వంగిపోవడం) తెలియదు. మీ రింగుల దూరం రాడ్ డయాకి ఐదు రెట్లే కాబట్టి ఇక్కడ అంత భయం లేదు. అలాగే కాంక్రీట్01 ఎప్పటికీ విరగదు. చివరి స్ట్రెస్ దగ్గర గీత అడ్డంగా సాగుతూనే ఉంటుంది. కర్వ్ ఇంకా నిలబడి ఉంది కదా అని కాలమ్ నిలబడిందనుకోకూడదు. కోర్ అంచు ఫైబర్ స్ట్రెయిన్‌ని రికార్డర్‌తో తీసి ఎక్కడ హద్దు దాటిందో మీరే గుర్తు పెట్టాలి.

నేనుండే న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లోనే, కాంటర్‌బరీ యూనివర్సిటీలో, ఆ మాండర్ మోడల్ తయారైంది. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో ఇదే ఊళ్లో సీటీవీ బిల్డింగ్ కూలి 115 మంది చనిపోయారు. దాని కాలమ్‌లు 400 ఎం.ఎం. డయా, వాటికి 6 ఎం.ఎం. స్పైరల్ 250 ఎం.ఎం. పిచ్‌లో ఉంది. ఆ స్థలం పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఆ 250 గుర్తొస్తుంది.


బెజవాడ_డిజైనర్:

చదువుతుంటే ఒక్కో ముడీ విడిపోయినట్టుంది. చాలా థాంక్సండి.

కాంక్రీట్04కి మార్చాను. మొదటి స్టిఫ్‌నెస్ రెండు మోడళ్లలోనూ ఒకటే వస్తోంది. హింజ్ రాడౌలో 460 ఇచ్చాక కర్వ్ హాయిగా సాగుతోంది. డ్రాయింగ్‌లో ఉన్న ఈ కాలమ్ నిజంగా మంచి కాలమ్. ఇక మొత్తం ఫ్రేమ్ కట్టడం మొదలుపెడతాను.


రిటైర్డ్_ఇఇ_గుంటూరు:

అమ్మా, రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. నాకు ఈ సాఫ్ట్‌వేర్ రాదు. కానీ ముప్ఫై రెండేళ్లు సైట్ మీద రింగులు లెక్కపెట్టినవాణ్ణి. ఒక్కటే అడుగుతాను. నువ్వు రాసిన ప్రతి అంకె ముందు "డ్రాయింగ్ ప్రకారం" అని ఉంది. ఆ కాలమ్‌లో రింగు నువ్వు చూశావా?

మా చిన్నప్పుడు ఊళ్లో ధాన్యానికి పురి కట్టేవాళ్లు. వరిగడ్డిని తాడులా పేని చుట్టూ చుట్టుకుంటూ పోతే, ఆ తాడు బిగువు మీదే పుట్ల కొద్దీ గింజలు నిలువుగా నిలబడేవి. తాడు ఒక్క చోట ఊడితే పురి అంతా కిందికి జారేది. గింజ గట్టిదా మెత్తదా అన్నది అప్పుడు లెక్కే కాదు. కాలమ్‌లో రింగు ఆ తాడు. దాని కొస ఎక్కడ కట్టావన్నదే అసలు సంగతి.

2001 జనవరి 26 భుజ్ భూకంపం తర్వాత మూడు వారాలకి మేము నలుగురం అహ్మదాబాద్ వెళ్లాం. భూకంపం పుట్టిన చోటికి అది రెండు వందల కిలోమీటర్ల పైన దూరం. అక్కడ కూలినవాటిలో ఎక్కువగా నువ్వు చెబుతున్నలాంటివే, కింద పార్కింగ్, పైన ఇళ్లు. ఒక కాలమ్ దగ్గర ఒంగి చూశాను. రాడ్లు బయటికి విల్లులా వంగి ఉన్నాయి. రింగు తెగలేదమ్మా. కొక్కెం విచ్చుకుంది. 90 డిగ్రీలు వంచి కవర్‌లో వదిలేశారు. కవర్ ఊడగానే దాన్ని పట్టుకునేది ఏదీ లేదు. కొక్కెం 135 డిగ్రీలు వంచి, కొస కోర్ లోపలికి పోతేనే అది రింగు. ఐఎస్ 13920, 1993 కోడ్‌లో ఆ కొస రింగు డయాకి పది రెట్లు ఉండాలి. 2016లో ఆరు రెట్లు, 65 ఎం.ఎం.కి తగ్గకుండా అని మార్చారు.

బార్ బెండర్లని తప్పుపట్టను. 135 వంచితే రింగుని రాడ్ల మీద నుంచి దించడం కష్టం, రోజుకి ఇన్ని టన్నులని వాళ్లకి లెక్క. నిలబడి చూసేవాళ్లు లేకపోతే 90కే వంచుతారు. మధ్య లింకులైతే కాంక్రీటు దిగడం లేదని తీసి పక్కన పడేసిన సైట్లు నేను ఎన్నో చూశాను.

రెండు కాలమ్‌లు ఎంచుకుని, పాదం నుంచి ఒక అడుగు పైన, ఒక మూల దగ్గర కవర్ కొట్టించు. చిన్న సుత్తి, ఉలితో, జాగ్రత్తగా. ముందు లోడ్ ఎక్కువున్న కాలమ్ జోలికి పోకు. చూశాక మళ్లీ మంచి మైక్రో కాంక్రీటుతో మూసేయించు. ఆ తర్వాత ఫ్రేమ్ కట్టు.


బెజవాడ_డిజైనర్:

సార్, మీ మాట చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే సెక్రటరీ గారితో మాట్లాడి, సోమవారం రెండు కాలమ్‌ల దగ్గర కవర్ తీయించాను. మూలన ఒక చోట, పక్కన ముఖం మధ్యలో ఒక చోట. మిగతాచోట్ల రీబార్ లొకేటర్ తిప్పాం.

రాడ్లు డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉన్నాయి, 20 ఎం.ఎం., పన్నెండు. రింగులు 10 కాదు, 8 ఎం.ఎం. దూరం 100 కాదు. లొకేటర్‌లో 150, కొన్నిచోట్ల 160. మధ్య లింకులు మేము తీసిన రెండు చోట్లా లేవు. కొక్కెం 90 డిగ్రీలు. వేలితో పట్టుకుని చూశాను సార్, కొస సరిగ్గా కవర్ మందంలోనే ఉంది.

మళ్లీ చేత్తో లెక్క వేశాను. కొక్కెం ఊడదనే అనుకుని చూద్దామని మొదలుపెట్టాను. రింగు మూల రాడ్లనే పట్టుకుంది కాబట్టి మధ్య రాడ్లని లెక్కలోంచి తీసేశాను. మూలకీ మూలకీ మధ్య 314 ఎం.ఎం. ఖాళీ. ఎఫెక్టివ్‌నెస్ 0.69 నుంచి 0.33కి పడింది. పక్క ఒత్తిడి 3 నుంచి 0.3 మెగాపాస్కల్. పదో వంతు! కోర్ స్ట్రెంత్ 24 నుంచి 26, అంతే. పీక్ స్ట్రెయిన్ 0.0029. కొక్కెం విచ్చుకుంటుందనుకుంటే ఆ కాస్త కూడా లేదు. ఇక కోర్, కవర్ అని రెండు మెటీరియళ్లు పెట్టడంలో అర్థం లేదు. మొత్తం సెక్షన్‌కి అన్‌కన్ఫైన్డ్ ఇచ్చి నడిపాను. మొమెంట్ మళ్లీ 398 దగ్గరే. కానీ గీత ఎక్కి, కాస్త దూరం పోగానే దిగిపోతోంది. మొదట్లో నేను ఎత్తు చూసి ఇంతేనా అనుకున్న ఆ తేడా ఇప్పుడు పొడవులో కనిపిస్తోంది.

క్రైస్ట్‌చర్చ్ గారూ, రాడ్ బక్లింగ్ గురించి భయం లేదన్నారు కదా. ఇప్పుడు 150 బై 20 అంటే ఏడున్నర రెట్లు, 160 ఉన్నచోట ఎనిమిది. స్టీల్02ని అలాగే ఉంచొచ్చా?


క్రైస్ట్‌చర్చ్_తెలుగోడు:

ఉంచొద్దండి. కోడ్ హద్దు ఆరు రెట్లు, మీకు అది దాటింది. పైగా మధ్య రాడ్లని పట్టుకునే లింకే లేదు, రింగు కాలు అక్కడ బయటికి వంగిపోగలదు. కాబట్టి రాడ్ ఏడున్నర రెట్ల పొడవుకే వంగుతుందన్న హామీ కూడా లేదు. ఇలాంటి కాలమ్‌కి బక్లింగ్ మెటీరియల్ పెట్టి పరామీటర్లు వెతకడం కంటే, కవర్ ఊడే స్ట్రెయిన్ దగ్గరే, 0.004 అనుకోండి, కాలమ్ అయిపోయిందని హద్దు గీయడం సబబు. మోడల్ అంతకు మించి చూపించేదాన్ని నేనైతే నమ్మను. షియర్ (కాలమ్‌ని అడ్డంగా కోసే బలం) కూడా విడిగా చేత్తో చూడండి, ఫైబర్ సెక్షన్‌కి షియర్ ఫెయిల్యూర్ తెలియదు. 8 ఎం.ఎం. రెండు కాళ్లు, 150 దూరం, 90 డిగ్రీల కొక్కెం: మీ దగ్గర అది ముందు వచ్చినా ఆశ్చర్యం లేదు.


రిటైర్డ్_ఇఇ_గుంటూరు:

మంచి పని చేశావమ్మా. ఇప్పుడు అంతస్తు మాట పక్కన పెట్టు. ముందు స్టిల్ట్ సంగతి వాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వు. నోటితో చెబితే రేపు ఇంకొకరి దగ్గరికి డ్రాయింగ్ పట్టుకుని వెళ్తారు. ఫోటోలు కలిపి ఇవ్వు. కవర్ తీసిన చోట స్కేలు పెట్టి తీసిన ఫోటో ఒకటి ఉండాలి, ఎనిమిదా పదా అని ఎవరూ వాదించకుండా.

జాకెటింగ్ (పాత కాలమ్ చుట్టూ కొత్త రింగులు, కాంక్రీటు వేయడం) మాట వస్తే ఒకటి గుర్తుంచుకో. కొత్త రింగు పాత కాలమ్ చుట్టూ పోవాలి, స్లాబ్ దగ్గర ఆగిపోకూడదు, కొక్కెం ఈసారి నువ్వు దగ్గరుండి వంచించు.


బెజవాడ_డిజైనర్:

రాసి ఇచ్చాను సార్, నిన్న సాయంత్రం మీటింగ్‌లో. పై అంతస్తుకి నేను సంతకం పెట్టనని, కింద కాలమ్‌లు ముందు సరిచేసుకోవాలని. ఒకాయన కోపగించుకున్నారు, డ్రాయింగ్ చూపించి ఇందులో 10 అని ఉంది కదా అన్నారు. ఫోటో ఆయన చేతిలో పెట్టాను. ఆయన కారు ఆ రెండో కాలమ్ పక్కనే పెట్టుకుంటారట. చాలాసేపు ఫోటోనే చూస్తూ కూర్చున్నారు.

షియర్ లెక్క ఈ రాత్రికి వేస్తాను. కాలమ్‌ల నుంచి తొలిచి తీసిన కాంక్రీటు శాంపిల్స్ (కోర్ కటింగ్) ల్యాబ్‌కి పంపాం. రిపోర్టు వచ్చాక 24 బదులు అసలు అంకె పెట్టి మళ్లీ నడిపి ఇక్కడే పోస్ట్ చేస్తాను. మిగతా కాలమ్‌లలో ఇంకో మూడింటికి బుధవారం కవర్ తీయిస్తున్నాను. ఈసారి బీమ్ కింద, కాలమ్ పైకొస దగ్గర.